గ్యాలరీ లేని ఊళ్లో చిత్రకళ

మన సాహిత్య విమర్శలో 'కళ' అనే మాట తరచుగా వినబడుతుంది. ఐతే ఆ మాట వాడినప్పుడు మన మనసులో ఉండేది కవిత్వం, కథ, నవల, మహా అయితే నాటకం. చిత్రకళ మరెవరి వ్యవహారమో అన్నట్టు పక్కన పెడతాం. పుస్తకానికి ముఖచిత్రం కావలసి వచ్చినప్పుడు మాత్రం చిత్రకారుడు గుర్తుకొస్తాడు. ఈ అలవాటు వల్ల చిత్రకళకు జరిగిన నష్టం కంటే మన విమర్శకు జరిగిన నష్టమే ఎక్కువ.

మెట్‌పల్లిలో సాహిత్యం చదువుకునే ఒక విద్యార్థికి మంచి చిత్రం చూడాలనిపించిందనుకుందాం. ఎక్కడికి పోవాలి? ఊళ్లో గ్యాలరీ లేదు. దాదాపు 200 కిలోమీటర్లు ప్రయాణం చేసి హైదరాబాదు చేరితే మాదాపూరులో రాష్ట్ర ఆర్ట్ గ్యాలరీ ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, జగదీశ్ మిత్తల్ దంపతులు జీవితకాలం సేకరించిన చిత్రాల మ్యూజియం ఉంది. అక్కడ ఆ విద్యార్థికి ఒక విచిత్రమైన సంగతి ఎదురవుతుంది. ఆధునిక తెలుగు చిత్రకళలో పెద్ద పేర్లు కొన్ని తన జిల్లావే. 1915లో పుట్టి బొంబాయి జె.జె. స్కూల్లో చదివిన పి.టి. రెడ్డిది పాత కరీంనగర్ జిల్లా. 1942లో పుట్టిన తోట వైకుంఠంది అదే జిల్లాలోని బూరుగుపల్లి. ఈ నేల రంగులిచ్చింది, మనుషుల్నిచ్చింది, చిత్రకారుల్నిచ్చింది. చిత్రం మాత్రం ఇక్కడ లేదు.

ఇది యాదృచ్ఛికం కాదు. దీని వెనుక చిత్రాన్ని ఎవరు చేయిస్తారు, ఎవరు కొంటారు, ఎవరు చూస్తారు అనే ప్రశ్నలున్నాయి.

గ్యాలరీ అంటే ఏమిటి?

గ్యాలరీ అనాదిగా ఉన్న వ్యవస్థ కాదు. రాజుల మహళ్లలో ఉన్న చిత్రాలను జనం చూసే హక్కు ఫ్రెంచి విప్లవం తెచ్చింది. 1793లో పారిస్‌లోని లూవ్ర్ రాజప్రాసాదం ప్రజల మ్యూజియంగా తెరుచుకుంది. ఆ అర్థంలో గ్యాలరీ ప్రజాస్వామిక విజయమే. కాని అదే కాలంలో పెరుగుతున్న మార్కెట్టు చిత్రాన్ని గోడకు తగిలించి అమ్మే సరుకుగానూ మార్చింది. అంతకుముందు చిత్రానికి ఒక పని ఉండేది: గుడిలోనో, ఇంటిలోనో, పండగలోనో, కథలోనో. గ్యాలరీలో దానికి చూడబడటం ఒక్కటే పని. ఈ రెండు ముఖాలనూ గుర్తుపెట్టుకుంటేనే మన ప్రాంతపు చిత్రకళ అర్థమవుతుంది. ఇక్కడ గ్యాలరీ రాకముందు చిత్రం లేదనుకోవడం పెద్ద పొరపాటు.

చుట్టి పెట్టిన గ్యాలరీ

చేర్యాల నకాషీల పటం చూడండి. చేర్యాల మొదట వరంగల్లు జిల్లాలో ఉండేది, 2016 తరువాత సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, తుమ్మబంక, చింతగింజల పిండి కలిపిన పూత పూసి ఆరబెడతారు. దానిమీద ముందు గీత గీసి, వెనుక నేలంతా ఎర్రరంగు నింపి, ఆ తరువాత మనుషులకు రంగులు వేస్తారు. పటం నిలువుగా పొడుగ్గా ఉంటుంది, అడ్డంగా గళ్లుగా విడిపోతుంది. ఒక్కొక్క గడి కథలో ఒక్కొక్క ఘట్టం.

దీన్ని గోడకు తగిలించడానికి చేయలేదు. కథకుడు ఊళ్లో పటం కట్టి, ఒక్కొక్క గడినే విప్పుతూ, పుల్లతో బొమ్మను చూపుతూ కథ చెపుతాడు. బొమ్మ ముందా, మాట ముందా అని విడదీయడం కుదరదు. కథ నడక పటాన్ని విప్పే వేగాన్ని నిర్ణయిస్తుంది, పటంలో గడుల అమరిక కథ నడకను నిర్ణయిస్తుంది. కథనశిల్పం గురించి పాశ్చాత్య గ్రంథాలు తిరగేసే విద్యార్థి ఒక రాత్రి పటంకథ ముందు కూర్చుంటే చాలా సంగతులు తేటపడతాయి.

ఈ పటాల వెనుక సామాజిక నిర్మాణం కూడా అంతే స్పష్టం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివారు. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలివారు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగలవారు. గొల్లలకు కథ చెప్పే మందెచ్చులవారు పటానికి బదులు నకాషీలు చేసిన బొమ్మలను నిలబెట్టి చెపుతారు. చిత్రం చేయించేది కథకుడు, కథకుణ్ణి పోషించేది అతను ఆశ్రయించిన కులం. ఏ ఊళ్లో ఎవరు కథ చెప్పాలో, ఎంత పుచ్చుకోవాలో వంశపారంపర్యపు హక్కు నిర్ణయించేది.

ఇదంతా కులపురాణమే కదా, అభ్యుదయ దృష్టికి ఇందులో ఏముందని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కులకట్టుబాటులోనే పుట్టి, దానిలోనే బతికిన కళ ఇది. దాన్ని దాచి ఈ కళను పొగడటం నిజాయితీ కాదు. కాని జాంబపురాణం ఏం చెపుతుందో కూడా వినాలి. ఊరవతలికి నెట్టబడ్డవాళ్ల మూలపురుషుడు ఈ భూమికంటే ముందే పుట్టాడని అది చెపుతుంది. చదువు నిషేధించబడ్డ మనుషులు తమ చరిత్రను తామే చెప్పుకోవడానికి బొమ్మను పుస్తకంగా చేసుకున్నారు. కట్టుబాటూ, దానిపై ధిక్కారమూ ఒకే గుడ్డమీద ఉన్నాయి. ఈ వైరుధ్యాన్ని పట్టుకోవడమే విమర్శకుడి పని.

పటం పాతబడితే దాన్ని నీళ్లలో వదిలేవారు. అంచేత చాలా పాత పటాలు మిగలలేదు. వాడుకలో ఉన్న వస్తువును దాచిపెట్టుకోవాలనే ఆలోచన వాడుకదారుకు ఉండదు, సేకర్తకు ఉంటుంది. కథలు వినే జనం తగ్గి, కథకులు పటాలు చేయించడం తగ్గిన తరువాత నకాషీల చేతుల్లో పటం చిన్నదైంది. కథ పోయి ఒక్క గడి మిగిలింది. చట్రం కట్టిన బొమ్మగా, గోడకు పెట్టుకునే మాస్కుగా పట్నం మార్కెట్టుకు చేరింది. కళ బతికిందనాలా, కథ చచ్చిపోయిందనాలా? రెండూ నిజమే.

ఇద్దరు వైకుంఠాలు

ఒక పోలిక చూద్దాం. మన చిత్రకళలో ఇద్దరు వైకుంఠాలున్నారు. ఒకరు తోట వైకుంఠం. హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నిండైన నల్లని దేహం గల తెలంగాణ స్త్రీని దేశమంతా గుర్తుపట్టే రూపంగా నిలబెట్టారు. పల్లెలో ఆడవేషం కట్టే నటుల అలంకరణ ఆ రూపానికి ఒక మూలమని ఆయనే చెప్పారు. ఇంకొకరు ధనాలకోట వైకుంఠం, చేర్యాల పటచిత్ర కుటుంబంలో పుట్టిన నకాషీ. ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్న కళాకారుడు.

ఇద్దరూ తెలంగాణ పల్లె మనుషుల్ని చదునైన గట్టి రంగుల్లో, బలమైన గీతలో చూపినవారే. ఇద్దరికీ గౌరవాలు దక్కాయి. ఐతే మొదటివారిని మనం 'ఆర్టిస్టు' అంటాం, రెండోవారిని 'హస్తకళాకారుడు' అంటాం. ఈ తేడా ప్రతిభలోంచి వచ్చిందా?

ప్రభుత్వ వ్యవస్థే దీన్ని రెండుగా చీల్చింది. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది, 1954లో లలితకళా అకాడమీ ఏర్పడింది. ఒకటి సంస్కృతి కిందికి పోయింది, మరొకటి వ్యాపారం, జౌళి కిందికి పోయింది. హస్తకళల బోర్డును 2020లో రద్దు చేశారు కూడా. ఒకవైపు చిత్రానికి సంతకం ఉంటుంది, సంతకాన్ని బట్టి ధర ఉంటుంది. మరొకవైపు వస్తువుకు ఊరి పేరు ఉంటుంది, పట్టిన కూలిని బట్టి ధర ఉంటుంది. 1999 చట్టం కింద చేర్యాల పటాలకూ, నిర్మల్ బొమ్మలకూ భౌగోళిక గుర్తింపు దక్కింది. మంచిదే, నకిలీల్ని అడ్డుకోవడానికి అది పనికొస్తుంది. కాని ఆ గుర్తింపు కాపాడేది ఊరి పేరును. బొమ్మ గీసిన మనిషి పేరు కొనేవాడికి తెలియకుండానే ఉండిపోతుంది.

తోట వైకుంఠం విషయంలో మరో సంగతి చూడాలి. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' చిత్రానికి కళాదర్శకత్వం ఆయనదే, దానికి జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమాలో గడీ గోడల మధ్య నలిగిపోయిన తెలంగాణ స్త్రీ ఉంది. కాన్వాసుమీద నిండుగా అలంకరించుకున్న స్త్రీ ఉంది. ఒకే కంటికి రెండూ కనబడ్డాయి. పట్నం గోడలకు ఎక్కింది మాత్రం రెండోదే. చిత్రకారుడు ఏం చూశాడన్నదొక ప్రశ్న, అతను చూసినదానిలో మార్కెట్టు దేన్ని ఎంచుకుందన్నది ఇంకొక ప్రశ్న. రచయితల విషయంలో మనం మొదటి ప్రశ్నతోనే ఆగిపోతుంటాం.

గోదావరి అవతల

మెట్‌పల్లి నుంచి గోదావరి దాటితే నిర్మల్. ఇక్కడి బొమ్మలకు పొణికి కర్ర కావాలి. తేలికగా, మెత్తగా ఉండే కర్ర. దాన్ని ఆరబెట్టి, భాగాలుగా చెక్కి, చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపిన లప్పంతో అతికి, నునుపు చేసి, సుద్ద పూసి, రంగులు వేస్తారు. పండ్లు, కూరగాయలు, పిట్టలు చూస్తే నిజమైనవే అనిపిస్తాయి. 1955లో ఇక్కడి పనివాళ్లు సహకార సంఘంగా ఏర్పడ్డారు. ఆ సంఘం వర్క్‌షాపే వాళ్ల గ్యాలరీ.

అక్కడికి వెళ్లే రచయిత బొమ్మల అందంతో ఆగిపోకూడదు. పొణికి అడవి చెట్టు. అది తరిగిపోతే కర్ర ఎక్కడినుంచి వస్తుంది? అడవిమీద హక్కు ఎవరిది? ఈ ప్రశ్నలు బొమ్మకు బయటివి కావు. కర్ర దొరకనప్పుడు బొమ్మ పరిమాణం మారుతుంది, పనిదినాలు తగ్గుతాయి, కొడుకు వేరే పని వెతుక్కుంటాడు. ఒక కళారూపం క్షీణించిందని రాసేముందు దాని ముడిసరుకు చరిత్ర రాయాలి. ఇంకా పైకి పోతే ఆదిలాబాద్ అడవుల్లో గోండుల కోసం కంచుబొమ్మలు, పూజావస్తువులు మైనపు అచ్చులతో పోతపోసే ఓజాలున్నారు. వాళ్ల విషయంలోనూ ఇదే లెక్క: గోండుల జీవితంలో ఆ వస్తువుకున్న చోటు తెలియకుండా దాని రూపం గురించి చెప్పేదేమీ ఉండదు.

చిన్న పట్నపు ఆర్టిస్టు

ఇక అసలు మెట్‌పల్లి లాంటి ఊరి సంగతి. ఖాదీకి పేరుపడ్డ ఈ ఊళ్లో 'ఆర్టిస్టు' అంటే జనం ఎవర్ని అనుకుంటారు? దుకాణాల బోర్డులు రాసేవాణ్ణి, బడిగోడమీద బొమ్మలు వేసేవాణ్ణి, గోడలమీద నినాదాలు రాసేవాణ్ణి. తెలుగు అక్షరానికి ఒళ్లూ, నీడా ఇచ్చింది వీళ్లే. ఫ్లెక్సీ వచ్చాక ఆ చెయ్యి ఆగిపోయింది. ఒక తరం అక్షరశిల్పులు పనిలేనివాళ్లయ్యారు. అక్షరం మీద బతికే మనం ఆ సంగతి పట్టించుకోలేదు.

పొరుగునే ఉన్న జగిత్యాల మనకొక గొప్ప ఉదాహరణ ఇచ్చింది. అలిశెట్టి ప్రభాకర్ బొమ్మలు గీస్తూ మొదలై, ఫొటో స్టూడియో నడుపుతూ, కవి అయ్యాడు. జగిత్యాలలో, కరీంనగర్‌లో, తరువాత హైదరాబాదులో స్టూడియోలు పెట్టుకుని బతకడానికి పెనుగులాడి, క్షయతో 1993లో చనిపోయాడు. అతని కవిత ఎందుకంత పొట్టిగా, ఎందుకంత పదునుగా ఉంటుందో తెలుసుకోవాలంటే ఛందస్సు చూస్తే చాలదు. కుంచె పట్టిన చెయ్యి, కెమెరా వెనుక నిలబడ్డ కన్ను చూడాలి. ఒక్క చట్రంలో ఎంత ఇమడాలో, ఏది వదిలేయాలో తెలిసిన మనిషి అతను. పేదవాడు జీవితంలో ఒకటి రెండుసార్లు తన బొమ్మను తాను చూసుకునే చోటు చిన్న పట్నపు ఫొటో స్టూడియో. ఆ చోటునుంచి కవిత్వం రావడం వింతేమీ కాదు.

పాకాల యశోదారెడ్డి కథల్ని కూడా ఇలాగే చూడవచ్చు. 'మా ఊరి ముచ్చట్లు' 1973లో వచ్చింది. తెలంగాణ పల్లె మాటను అచ్చుకెక్కించిన ఆ రచయిత్రీ, చిత్రకారుడు పి.టి. రెడ్డీ భార్యాభర్తలు. ఒకే ఇంట్లో మాటా, రంగూ పక్కపక్కన పనిచేశాయి. మన సాహిత్య చరిత్రలు ఒకరి గురించి రాస్తాయి, కళాచరిత్రలు ఇంకొకరి గురించి రాస్తాయి. ఇద్దర్నీ కలిపి చదివే పని ఇంకా మిగిలే ఉంది.

రచయితలు చేయవలసింది

1943లో బెంగాల్ కరువు కాలంలో చిత్తప్రసాద్ మిద్నాపూర్ జిల్లాలో తిరిగి, చూసినదాన్ని బొమ్మగానూ, రాతగానూ నమోదు చేశాడు. ఆ పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. బొమ్మా, మాటా కలిస్తే ఎంత బలమో పాలకులకు ముందుగా తెలిసింది. మన అభ్యుదయ రచయితల సంఘం తెనాలిలో పుట్టిందీ 1943లోనే. ఆ సంప్రదాయం మనకు కొత్త కాదు.

అంచేత చిత్రకారుణ్ణి కలవడానికి వెళ్లేటప్పుడు కొన్ని ప్రశ్నలు వెంట తీసుకుపోవాలి. ఈ బొమ్మ ఎవరు చేయించారు? ఎన్ని రోజులు పట్టింది? ఇంట్లో ఆడవాళ్లు ఏ పని చేశారు, వాళ్ల పేరు ఎక్కడైనా ఉందా? రంగు, గుడ్డ, కర్ర ఎక్కడినుంచి వచ్చాయి? పట్నంలో అమ్మిన ధరలో చేసిన చేతికి ఎంత చేరింది? బొమ్మలో ఉన్న మనుషులు ఆ బొమ్మను చూశారా? ఈ ప్రశ్నలడగని వ్యాసం ఎంత అందంగా రాసినా యాత్రికుడి ముచ్చటే అవుతుంది. 'అంతరించిపోతున్న కళ' అని కన్నీరు పెట్టడం తేలిక. కళాకారుడికి అక్కరలేనిది కూడా అదే. అతనికి కావలసింది గిట్టుబాటు, పేరు, చూసే జనం.

మొదటి రెండూ పోరాడి సాధించుకోవలసినవి. మూడోది మన చేతిలో ఉంది. శాఖా గ్రంథాలయంలో ఒక గోడ, కళాశాలలో ఒక గది, సాహిత్య సభ జరిగే రెండు రోజులు హాలులో ఒక పక్క చాలు. చేర్యాలనుంచి ఒక నకాషీని పిలిచి, ఒక పటంకథకుణ్ణి పక్కన కూర్చోబెట్టి, దారిఖర్చులూ, పనిరోజు కూలీ ఇచ్చి, మెట్‌పల్లి జనం ముందు పటం విప్పించవచ్చు. పక్కగోడమీద ఊరి బోర్డు ఆర్టిస్టు చేతిరాతను పెట్టవచ్చు, కింద అతని పేరు రాయవచ్చు. కవిసమ్మేళనానికి పెట్టే ఖర్చులో కొంత దీనికి మళ్లిస్తే సాహిత్యం చిన్నబోదు. చిత్రం ఏ మనుషుల్లోంచి పోయిందో ఆ మనుషుల ముందుకు తిరిగి వస్తే, వాళ్లేమంటారో వినే అవకాశం మనకు దొరుకుతుంది. మన విమర్శ అక్కడినుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.