కెర్నెలునకు కాపరులు

2001లో ఇంటెల్, హ్యూలెట్-పాకార్డ్ కంపెనీలు ఆర్భాటముగా వెలువరించిన ఇటానియము ప్రాసెసరునకు 2024 జనవరి నాటి లినక్సు 6.7లో చోటు లేకపోయెను. దానికై వ్రాసిన సుమారు 65 వేల పంక్తులు తొలగింపబడెను. వాడువారు తగ్గిరి, చూచుకొనువారు కరవైరి. కెర్నెలులో ఉమ్మడి భాగము మారినప్పుడెల్ల, ప్రతి ప్రాసెసరునకును ప్రత్యేకించిన భాగమును సరిదిద్ది, ఆ యంత్రముపైననే పరీక్షింపవలెను. కాలువ త్రవ్వించినవానికి శిలాఫలకము కలదు. ఏటేట పూడిక తీయువాని పేరెవ్వ రెరుగుదురు?

మదరాసు ఐ.ఐ.టి. వారి శక్తి ప్రాసెసరును చూచి మేమును గర్వించితిమి. అది అనుసరించు రిస్క్-ఫైవ్ పద్ధతికి 2018లో లినక్సునందు తావు లభించినది. ఆ భాగమును పలుదేశములవారు కాచుచున్నారు. అందు మనవారి పాలు హెచ్చవలదా? 2021లో చిప్పుల పరిశ్రమకు 76,000 కోట్ల రూపాయలు కేటాయించిన కేంద్రప్రభుత్వము ఈ కాపరులకును జీతము లేర్పరుపవలెనని మేము కోరుచున్నాము.