కోడంబాకం ఇంగ్లీషు

1978లో మద్రాసు కోడంబాకంలో అసిస్టెంటు డైరెక్టరుగా నా మొదటి రోజు. "బేబీని ఎడం పక్కకి పెట్టండి" అని కేకేశారు కెమెరామన్‌గారు. సెట్లో బాలనటి ఒక్కర్తే. టైటిల్స్‌లో ఆ పిల్ల పేరుకి ముందు 'బేబీ' కూడానూ! మేకప్ రూముకి పరుగెత్తి, ఇడ్లీ తింటున్న పిల్లని చెయ్యి పట్టుకు లాక్కొచ్చాను. సెట్టంతా ఒకటే నవ్వు.

నేను బి.ఏ. ప్యాసయినవాణ్ణి. మూడో క్లాసుతో బడి మానేసిన లైట్‌మన్ ఆ మధ్యాహ్నం నాకు పాఠం చెప్పాడు. కిలోవాటు లైటు 'బేబీ', రెండు కిలోవాట్లది 'జూనియర్', ఐదుది 'సీనియర్'. 'ఎన్.జి.' అంటే 'నో గుడ్', ఆ టేక్ పనికిరాదని. బొమ్మకీ శబ్దానికీ జత కుదిరేందుకు కొట్టేది 'క్లాప్'. తీసిన షాట్లని ఎడిటింగుకి ముందు చూసుకునే ప్రింటు 'రషెస్'. ఇవన్నీ మా కాలేజీలో ఎవరు చెప్పారు గనక! అడిగితే ఏమీ రాదని పంపించేస్తారేమోనని భయం, అడక్కపోతే ఇదిగో, ఇలా.

సాయంత్రం డైరెక్టరుగారు నావైపు చూసి "ప్యాకప్" అన్నారు. నా ఉద్యోగానికే అనుకున్నాను, గుండె ఝల్లుమంది.

"షూటింగ్ అయిపోయిందని అర్థం తమ్ముడూ. రేపు ఏడింటికల్లా వచ్చెయ్" అన్నాడు లైట్‌మన్, బేబీని భుజాన వేసుకుని.