మందు కూరుటలో మితము

“తుపాకిమందు ప్రసంగము ఆడువారి పత్రికలో నెందులకు?” అని సోదరీమణులలో కొందఱు నవ్వవచ్చును. మా కోదాడ ప్రాంతమున అట్లు నవ్వువారు తక్కువ. 1946 మొదలు 1951 వఱకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటమున ఇచ్చటి స్త్రీలును తుపాకి పట్టిరి. ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని కరివిరాల కొత్తగూడెమున 1931లో జన్మించిన మల్లు స్వరాజ్యముగారు దళమును నడపిరి. 2022లో కీర్తిశేషులైన ఆమె ఆత్మకథ పేరు ‘నా మాటే తుపాకీ తూటా’. ఆ దినములలో పల్లెలకు దొరకినవానిలో భర్మారు తుపాకులు ముఖ్యములు. మూతినుండి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, గుండ్లు వేసి, కడ్డీతో దట్టించి కాల్చునవి. ప్రతిసారియు చేతితోనే కూరవలెను. ఆ చేయి కొలత తప్పినచో తుపాకి ఎదుటివానిని విడిచి కూరినవానినే కొట్టును.

ఆ చేతిపని నేడు వేఱొక రూపమున మన కుటుంబములకు సమీపించినది. మన బిడ్డలనేకులు స్థిరపడిన అమెరికా దేశమున, గుఱి అభ్యాసము చేయువారు తమ పిస్తోలు తూటాలను ఇంటనే తిరిగి నింపుకొనుట కలదు. చట్టము సాధారణముగ దాని నచ్చట ఆక్షేపింపదు. ఖర్చు తగ్గుననియు, తమ పిస్తోలునకు చక్కగ ఒదుగు తూటా కుదురుననియు దానికి పూనుకొందురు. కొడుకో అల్లుడో ఈ వ్యాసంగము పెట్టుకొన్న యింట, ఆ బల్లమీద నేమున్నదో, భయపడవలసిన దెక్కడనో, ఇల్లాలికిని, ఆఱుమాసములు ఉండిపోవుటకు వెళ్లిన అత్తగారికిని తెలిసియుండవలెను. మన దేశమున సంగతి వేఱు. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటా తయారుచేయుట నేరము. 2019 సవరణ పిదప దానికి ఏడేండ్లకు తగ్గని చెఱ, యావజ్జీవము వఱకును కలదు. కావున ఇచ్చట ఎవరును చేసి చూడరాదు.

తూటాలో నాలుగు భాగములు. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించు ప్రైమరు, లోపల మందు, మూతిన గుండు. కాల్చిన పిదప గుల్ల మిగులును. దానిని శుభ్రపఱచి, పగుళ్లు లేవని చూచి, అచ్చులో నొక్కి మునుపటి కొలతకు తెచ్చి, క్రొత్త ప్రైమరు, క్రొత్త మందు, క్రొత్త గుండు చేర్తురు. పని చూచుటకు సులువే.

మన భాషలో ఔషధమునకును తుపాకిపొడికిని ‘మందు’ అనియే పేరు. రెంటికిని మాత్రయే ప్రాణము. 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాకు పట్టు మందు సాధారణముగ కొన్ని గ్రెయిన్లు మాత్రమే. తులమునకు 180 గ్రెయిన్లు అన్నచో బంగారము ఎఱిగిన సోదరీమణులకు తెలియును. ఈ పనిలో గ్రెయినులో పదవవంతును, అనగా తులములో 1800వ వంతును, త్రాసు పట్టి చూపవలెను. మనము పులుసులో ఉప్పు కంటి అందాజున వేయుదుము. ఆ నేర్పు ఇచ్చట పనికిరాదు. ఏలనన మనచుట్టునున్న గాలి చదరపు అంగుళముపై సుమారు 15 పౌన్ల బరువుతో నొత్తుచుండగా, ఈ తూటాలో పుట్టు ఒత్తిడికి 1926లో ఏర్పడిన శామీ యను అమెరికా సంస్థ పెట్టిన హద్దు 35,000 పౌన్లు. ఆ బలమంతయు చేతిలోని యినుప గొట్టమే మోయవలెను.

తగిన తూకమును కనుగొను పద్ధతి ఓర్పుతో కూడినది. మందు తయారుచేయు కంపెనీలు పరీక్షించి అచ్చువేసిన పట్టికలుండును. అందు మొదలిడవలసిన తూకమును, దాటరాని తూకమును చూపుదురు. పై హద్దు మాత్రమే యున్నచో అందు పదవవంతు తగ్గించి మొదలుపెట్టుట ఆచారము. మెట్టు మెట్టుగ స్వల్పముగ పెంచుచు, మెట్టునకు కొన్ని తూటాలు మాత్రమే చేసి, తక్కువదానినుండి కాల్చి, ప్రతి గుల్లను పరీక్షింతురు. ప్రైమరు చదునైనను, గుల్ల అడుగు ఉబ్బినను అక్కడనే ఆపవలెను. అయితే పిస్తోలులో ఈ గుఱుతులు తఱచు ఆలస్యముగ కనబడును. గుఱుతు లేదు గదా యని హద్దు దాటుట వట్టి మూర్ఖత. చక్కని గుఱి పెక్కుసారులు పై హద్దుకు దిగువనే దొరకును. గుండు మారినను, ప్రైమరు మారినను, మందు మారినను మరల మొదటి మెట్టే. గుండును కొంచెము లోతుగ నొక్కినంతనే లోపల చోటు తగ్గి ఒత్తిడి పెరుగునన్న సంగతి చాలమంది తలపరు.

పిస్తోలు గుల్లలో చోటెక్కువ, మందు తక్కువ. అందువలన పరాకున రెండుమారులు పోసినను పొంగిపొరలదు, పైకి తెలియదు. గుండు పెట్టకమునుపు ప్రతి గుల్లలోనికిని దీపపు వెలుతురున చూడవలెను. అసలు మందు పడని తూటాయు ప్రమాదమే. ప్రైమరు బలముచేతనే గుండు కొంతదూరము పోయి గొట్టములో చిక్కుకొనును; చప్పుడు వింతగ నుండును. అది గమనింపక మరల కాల్చినచో గొట్టము పగులవచ్చును. భారతమున అశ్వత్థామకు అస్త్రము విడుచుటయే తెలిసెను, ఉపసంహరింప తెలియలేదు. అర్జునునికి రెండును తెలియును. అనుమానము కలిగినంతనే ఆగి, తుపాకి నుండి తూటాలు తీసి, గొట్టము పరీక్షించువాడే ఈ పనికి అర్హుడని మా అభిప్రాయము.

బల్లమీద ఒకేసారి ఒకే మందు డబ్బా యుండవలెను. మిగిలినది దాని డబ్బాలోనికే పోవలెను గాని పేరులేని సీసాలోనికి పోరాదు. పొగయు, దీపపు సెగయు, ముచ్చట్లును దూరము. కంటికి అద్దములు తప్పవు. గుండ్లలోను ప్రైమరులలోను సీసము కలదు. అది పసిబిడ్డల బుద్ధివికాసమునకు శత్రువు. కావున ఆ గదిలో తినుట, త్రాగుట కూడదు. పనియైన పిదప సబ్బుతో చేతులు కడుగవలెను. ఆ పనికి వాడిన పాత్ర మరల వంటయింటికి రాకూడదు. దీనిని శాసింపవలసినది ఇల్లాలే. పురుషులు ఒక గిన్నె కనబడినచో అడుగక పట్టుకొనిపోదురు!

ఇక మన యిండ్ల సంగతి. తాతలనాటి అటకమీద ఎవరికైన పాత తూటా కనబడినచో దానిని విప్పరాదు, సుత్తితో కొట్టరాదు, పొయ్యిలో వేయరాదు. పిల్లలను దూరముంచి, పోలీసు ఠాణాకు కబురు పంపవలెను.