బధిరులును మోటారు లైసెన్సును

చెవిటివాడు మోటారు బండి నడుపవచ్చునా యని యడిగినచో, మనలో పలువురు వెంటనే "కూడదు" అని చెప్పుదురు. వెనుకనుండి లారీ హారను మ్రోగించిన నతని కెట్లు వినబడును? అంబులెన్సు వచ్చుచున్నదని యెట్లు తెలియును? ఈ ప్రశ్నలు ద్వేషమువలన పుట్టినవి కావు, ప్రాణభయమువలన పుట్టినవి. కావున వానిని తోసివేయక నిదానముగ విచారించుట మంచిది. ఏలయన వీని ప్రత్యుత్తరముపై నొక బధిరుని జీవనోపాధియు, అతని రాకపోకలును, అర్ధరాత్రమున జబ్బుపడిన బిడ్డను వైద్యుని యొద్దకు కొనిపోవు శక్తియు నాధారపడి యున్నవి. ఇంటిలో బండి యుండియు, నడుపు నేర్పుండియు, ఒక పత్రము లేనందున నితరుల నాశ్రయింపవలసి వచ్చుట చిన్న బాధ కాదు.

మొదట లైసెన్సనగా నేమో తెలిసికొందము. అది బహుమానము కాదు, దానమును కాదు. ఈ మనుష్యుడు బాటసారుల ప్రాణములకు ముప్పు లేకుండ బండి నడుపగలడని పరీక్షించి ప్రభుత్వ మిచ్చు సాక్ష్యపత్రము. కనుక పరీక్షింపవలసినది నడుపువాని నేర్పు. అతని శరీరమం దేదైన లోపమున్నచో, ఆ లోపము నేర్పును చెఱచుచున్నదా లేదా యని చూడవలెనే గాని, లోపమును చూచినంతనే తలుపు మూయరాదు.

బండి నడుపుటలో కంటి పని యెంత, చెవి పని యెంత? మలుపు, గుంత, ఎఱ్ఱ దీపము, గుర్తుపలక, అడ్డము వచ్చు గేదె, ముందు పోవు బండి వెనుక దీపము, ఇవన్నియు కంటికి తెలియునవి. చెవికి చేరునవి ముఖ్యముగ మూడు: ఇతరుల హారను, అంబులెన్సు మొదలగు వాని సైరను, తన బండి యింజను చప్పుడు. వీనిలో సైరనుగల బండికి తళతళలాడు దీపము కూడ నుండును. హారను మ్రోగించు బండి అద్దములో కనబడును. ఇంజను చప్పుడు అదురుగా మాఱి చేతులకును పాదములకును తెలియును. మఱియు కారు అద్దములు బిగించి, ఏసీ వేసి, పాటలు పెట్టుకొని పోవు వినికిడిగలవాడు వెలుపలి ధ్వనుల నెంతవఱకు వినుచున్నాడు? అతని లైసెన్సును మన మెవ్వరమును ప్రశ్నింపము గదా!

చెవి చేయని పనిని కన్ను చేయవలెననిన, కంటికి మంచి యలవాట్లు నేర్పవలెను. నేర్పరియైన బధిరుడు తన ముందరి బాటను మాత్రమే చూడడు. మాటిమాటికి మూడు అద్దములను చూచుచుండును. ముందున్న బండ్లు హఠాత్తుగ ప్రక్కకు తొలగుచున్నచో, అంబులెన్సు వచ్చుచున్నదేమోయని యూహించి తానును దారి యిచ్చును. మలుపు తిరిగిన పిమ్మట ఇండికేటరు ఆగినదో లేదో దాని టిక్కుటిక్కుమను చప్పుడువలన నతనికి తెలియదు. కావున ఎదుటి పలకమీది చిన్న దీపమును చూచి సరిచేసికొనును. గేరు మార్చవలసిన సమయము వేగపు ముల్లును చూచియు, అదురును బట్టియు గ్రహించును. బ్రేకులు అరిగి కీచుమనుట వినబడదు గనుక, చప్పుడుకొఱకు వేచియుండక గడువు ప్రకారము మెకానిక్కునకు చూపించును. ప్రక్క నున్నవారితో చేతిసైగలతో మాటలాడవలెనన్న, బండి నాపి మాటలాడును. రైలు గేటువద్ద కూతను నమ్ముకొనడు. మన దేశమున బ్రాడ్‌గేజి మార్గములలో కాపలాలేని గేట్లు 2019 జనవరి నాటికి తొలగింపబడినందున, ఈ విషయమున నొక పెద్ద యపాయము తగ్గినది.

ఇక చట్టము సంగతి. 1939 నాటి మోటారు వాహనముల చట్టము, సాధారణ ధ్వని సంకేతములను వినలేనంతటి చెవుడును అనర్హతల పట్టికలో చేర్చెను. 1988లో వచ్చిన క్రొత్త చట్టములో "చెవిటివారికి లైసెన్సు ఈయరాదు" అను మాట లేదు. నడుపుటవలన ప్రజలకు అపాయము కలిగించునంతటి వ్యాధియో వైకల్యమో యున్నచో నిరాకరింపవలెనని మాత్రమే యున్నది. అయినను 1989 నాటి నిబంధనలలోని దరఖాస్తు ఫారములో, సాధారణ ధ్వని సంకేతములు వినలేనంత చెవుడు నీకున్నదా యను ప్రశ్న నిలిచియుండెను. బధిరుడు సత్యము వ్రాసిన యెడల, పరీక్ష జరుగకయే దరఖాస్తు తిరిగి వచ్చెడిది. అసత్యము వ్రాసినచో లైసెన్సు దొరకవచ్చును గాని, దొంగతనము చేసినట్లు భయపడుచు నడుపవలసి వచ్చును. సత్యవంతుని శిక్షించి, అసత్యమునకు దారి చూపు నియమము మంచి నియమము కాదు.

ఈ చిక్కును విడదీయుమని బధిరుల జాతీయ సంఘము ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను. 2011 ఫిబ్రవరిలో ఆ న్యాయస్థానము, బధిరుని దరఖాస్తును చెవుడు కారణముగ మొదటనే త్రోసివేయరాదనియు, అతనిని పరీక్షకు రానిచ్చి, యోగ్యుడని తేలినచో లైసెన్సు నీయవలెననియు తీర్పు చెప్పెను. పిమ్మట 2016లో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ యభిప్రాయమును గైకొని, బధిరులకు లైసెన్సు లీయవలసినదని రాష్ట్రములకు సూచించెను. కారు నడుపుట ముఖ్యముగ దృష్టిచే సాగు పని యనియు, వినికిడి పాత్ర దానిలో స్వల్పమనియు ఆ వైద్యుల యభిప్రాయము. ఆ సంవత్సరమే ఆమోదింపబడిన దివ్యాంగుల హక్కుల చట్టము, వైకల్యము కారణముగ వివక్ష చూపరాదనియు, తగిన సౌకర్యము కల్పింపవలెననియు చెప్పుచున్నది.

అయినను ఢిల్లీలో చెప్పిన మాట ప్రతి యూరి కార్యాలయపు కిటికీవద్దకు వెంటనే చేరదు. నే నెఱిగిన యొక బధిర యువకుడు, కుట్టుపనిలో నిపుణుడు, ఒక రవాణా కార్యాలయమునకు పోగా, "నీకు చెవులు వినబడవు, పోయి రా" అని సైగ చేసి గుమాస్తా పంపివేసెను. అతడు కోపింపక, నిరాకరించుటకు కారణమును కాగితముపై వ్రాసి యిమ్మని చీటి వ్రాసి చూపెను. వ్రాసి యిచ్చుట కెవ్వరును సిద్ధపడలేదు. మఱునాడు పై యధికారి యతనిని పరీక్షకు రమ్మనెను, అతడు కృతార్థుడయ్యెను. ఈ వృత్తాంతమువలన తల్లిదండ్రులు నేర్చుకొనవలసినది, పిల్లలకు వ్రాత నేర్పుట బండి నేర్పుటకంటె ముందు జరుగవలెనని.

లైసెన్సు పొందు క్రమ మందఱికి నొక్కటే. పదునెనిమిది యేండ్లు నిండినవాడు మొదట ఎల్.ఎల్.ఆర్. కొఱకు దరఖాస్తు చేసి, బాట గుర్తులను గూర్చిన పరీక్ష వ్రాయవలెను. అది ఆఱు నెలలు చెల్లును. ఈ లోపల ఎఱ్ఱ "ఎల్" అక్షరము బండికి తగిలించి, లైసెన్సుగల వాని తోడుతో నేర్చుకొనవలెను. ముప్పది దినములైన పిమ్మట నడుపు పరీక్షకు పోవచ్చును. నలువది యేండ్లు దాటినవారును, అద్దె బండ్లు నడుపగోరువారును వైద్యుని పత్రమును జతపఱుపవలెను. బధిరుడు పరీక్షకు పూర్వమే అధికారికి తన సంగతి తెలిపి, "ఆపుము", "కుడికి", "ఎడమకు", "వెనుకకు" అను ఆజ్ఞలను ఏ సైగలతో చూపుదురో నిర్ణయించుకొనుట మేలు. సైగభాష నెఱిగినవారిని వెంట తీసికొనిపోవుట యింకను మేలు.

పొందిన లైసెన్సును నిలుపుకొనుట మఱియొక పని. 2019 నాటి సవరణ ప్రకారము, ముప్పదేండ్లలోపు పొందినది నలువదవ యేటి వఱకు చెల్లును. ముప్పదికిని ఏబదికిని నడుమ పొందినది పదియేండ్లు. ఏబదికిని ఏబదియైదునకును నడుమ పొందినది అఱువదవ యేటి వఱకు. ఆపైన అయిదేసి యేండ్లు. గడువు తీరిన సంవత్సరములోపల క్రొత్తది చేయించుకొననిచో తిరిగి పరీక్షకు నిలువవలెను. పోలీసువారు ఆపినప్పుడు బధిరుడు మొదట చేతులు స్టీరింగుపై నుంచి, "నేను వినలేను, దయచేసి వ్రాసి చూపుడు" అను చీటిని చూపుట మంచిది. పిలిచినను పలుకలేదని పోలీసులు కోపించుటకు తావుండదు.

ఇతర దేశములలో నీ విషయ మెట్లున్నది? జపానులో పది మీటరుల దూరమునుండి 90 డెసిబెల్‌ల హారను వినగలిగినవారికి మాత్రమే పూర్వము లైసెన్సు దొరకెడిది. 2008 జూనునుండి అది వినలేనివారును సాధారణ కారు నడుపవచ్చునని నిర్ణయించిరి. కాని రెండు షరతులు పెట్టిరి: వెనుకదారిని విశాలముగ చూపు పెద్ద యద్దము, కారునకు సీతాకోకచిలుక గుర్తు. ఆ సీతాకోకచిలుక రెండు చెవుల యాకారమున నుండును. ఆ గుర్తుగల కారును ప్రక్కనుండి యొరసికొని బెదరించుట యచట నేరము. అమెరికాలో పెద్ద లారీలు నడుపువారు అయిదడుగుల దూరమున గుసగుసను వినవలెనని నియమముండగా, 2013లో ప్రభుత్వము నలువదిమంది బధిరులకు దానినుండి మినహాయింపు నిచ్చెను. కుటుంబపోషణకై లారీ నడుపగోరు బధిరున కిది గొప్ప మేలు.

జపానువారి గుర్తులో మనకొక పాఠమున్నది. బధిరుడు జాగ్రత్తగ నుండుట యతని ధర్మము. అతని చుట్టునున్నవారు జాగ్రత్తగ నుండుట వారి ధర్మము. మన బాటలపై హారను మ్రోగించినంతనే మన పని తీరినదని యెంచుదుము. మనము మ్రోగించిన ధ్వని యెదుటివానికి చేరినదో లేదో యాలోచింపము. ముందు సైకిలుపై పోవువాడు బధిరుడు కావచ్చును, వృద్ధుడు కావచ్చును. హారనుకు తొలగనివాని నెల్ల మొండివాడని తిట్టుట అజ్ఞానము. వేగము తగ్గించుట, రాత్రివేళ దీపమును మినుకుమినుకుమనిపించుట, కొంత యెడముగ పోవుట, ఇవి చెవిటివానికిని వినికిడిగలవానికిని మేలే.

విద్యార్థులారా, మీలో పెక్కుమంది కొలది యేండ్లలో బండి నడుపుటకు నేర్చుకొందురు. బాట నొక్కడే యుపయోగించుకొనునట్లు ప్రభుత్వము వేయలేదు. నడుచువాడు, సైకిలువాడు, ఎద్దుబండివాడు, వినగలవాడు, వినలేనివాడు, అందఱును దాని యజమానులే. లైసెన్సు కొఱకు వరుసలో మీ ముందొక బధిరుడు నిలిచియుండినచో, వాని చెవులవంక చూడకుడు. వాడు అద్దములను చూచునట్లు మీరును చూచుటకు నేర్చుకొనుడు.