తేలినీలాపురం విడిది పక్షులకు ఎన్ని గండాలు!

టెక్కలి: సీజన్‌లో తేలినీలాపురం వెళ్ళిన కొత్తవారు ముందుగా ముక్కు మూసుకుంటారు. చెట్ల కింద నేలంతా తెల్లటి రెట్ట, జారిపడి కుళ్ళిన చేపల వాసన, పైన గూళ్ళలో పిల్లల గోల. ఊరివారికి ఇదేమీ పట్టదు. పక్షులొస్తే వానలు పడతాయి, పంటలు పండుతాయి, రాకపోతే కీడు అని వారి నమ్మకం. చట్టం సంగతి తర్వాత, ముందు ఊరి కట్టుబాటు ఉంది.

శ్రీకాకుళం జిల్లాలోని ఈ పల్లెకు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి గూళ్ళు కడతాయి. పిల్లలు ఎగిరే ఈడుకు వచ్చాక వేసవి ముదిరేలోగా వెళ్ళిపోతాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ అనుకుంటారు. అది సరి కాదు. రెండూ మన ఉపఖండపు పక్షులే. నీరూ చేపా దొరికే చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. అంటే పరదేశపు అతిథులని చేతులు దులుపుకోవడానికి లేదు, వాటి బాగోగులు మన పూచీయే.

ఊరిలో గూళ్ళకు ఎంత భద్రత ఉన్నా మేతకు మాత్రం బయటికి వెళ్ళక తప్పదు. నౌపడా తంపర, ఉప్పుటేరులు, చెరువులే వాటి వంటిల్లు. తల్లిదండ్రులు చేపలు మింగి వచ్చి గూటిలో పిల్లలకు కక్కి పెడతాయి. పిల్ల సొంతంగా ఎగరడానికి నెలలు పడుతుంది. అందాకా ఈ రాకపోకలు ఆగితే గూడు ఆకలితో మాడవలసిందే.

ఈ దారిలో మొదటి గండం కరెంటు తీగ. ఒక్క తీగ మీద వాలిన పిట్టకు ఏమీ కాదు. గూడబాతు అలా కాదు, రెక్కలు విప్పితే ఏడడుగులు. ఒక రెక్క ఒక తీగను, రెండోది పక్క తీగను తాకితే ప్రాణం పోతుంది. ఇలా చనిపోయినవి ఉన్నాయి. గూళ్ళకు దగ్గరి తీగలకు తొడుగులు వేయడం, లేదా భూమిలో కేబులు వేయడం తెలియని విద్య కాదు. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే పేచీ.

రెండోది తుపాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటింది. పక్షులు గూళ్ళకు వచ్చే అదను అది. గూళ్ళు కట్టే చెట్లు ఎన్నో నేలకూలాయి. తుపానును ఆపేవారు లేరు గానీ, చెట్లు నాటేందుకు అడ్డేమిటి? చింతమొక్క ఈ ఏడు నాటితే గూటికి పనికొచ్చే కొమ్మ రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆలస్యమైన కొద్దీ నష్టం పక్షిదే.

మూడోది కంటికి కనపడనిది. 2021 డిసెంబరు చివరి నుంచి 2022 జనవరి వరకు గూడబాతులు వరసగా రాలిపోయాయి. వందకు పైగా పోయాయి. విషమని, బర్డ్ ఫ్లూ అని భయపడ్డారు. చివరికి కడుపులో నులిపురుగులు కారణమని అధికారులు తేల్చారు. ఈ పురుగు చేపల ద్వారా పక్షికి చేరుతుంది. చెరువుల నీరు ఎలా ఉందో, చేపలు ఎలా ఉన్నాయో చూడకుండా ఊళ్ళో పక్షులను కాపాడతామంటే కుదరదని అప్పుడు తెలిసింది.

తంపర కథ మరీ పెద్దది. కాకరాపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం వస్తే చేపల వేట, సాగు పోతాయని చుట్టుపక్కల ఊళ్ళు ఎదురు తిరిగాయి. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ పోరాటం ప్రధానంగా మనుషుల కూటి కోసం. అయితే బెస్తవాడు వల వేసే నీటిలోనే గూడబాతూ ముక్కు ముంచుతుంది. ఆ తంపరలో ఎంత మేర పూడ్చితే, తేలినీలాపురం గూళ్ళకు చేప అంత దూరమవుతుంది.