కొండ దిగి కడలి దాకా రైల్లో

మద్రాసు ఎగ్మూరులో టికెట్టు కొంటే అది కొలంబో దాకా చెల్లే రోజులుండేవి. 1914లో పాంబన్ వంతెన పూర్తయ్యాక బోట్ మెయిల్ ధనుష్కోడి వరకు వెళ్లేది. అక్కడ స్టీమరెక్కితే అవతలి ఒడ్డు తలైమన్నార్, దిగగానే కొలంబో బండి. మన నెల్లూరు మనిషికి విదేశీ రైలు ప్రయాణమంటే అదే. 1964 డిసెంబరు తుపాను ధనుష్కోడిని రైలు కట్టతో సహా ఊడ్చేసింది. తర్వాత రామేశ్వరం నుంచి కొన్నాళ్లు నడిచిన ఓడలు కూడా 1980ల్లో ఆగిపోయాయి.

ఆ దారి ఇప్పుడు మరోచోట తెరుచుకుంది. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి శ్రీలంక ఉత్తర కొసనున్న కాంకేసన్‌తురైకి ప్రయాణికుల ఓడ మొదలైంది. మధ్యలో ఆగి, 2024 ఆగస్టులో మళ్లీ బయల్దేరింది. కాంకేసన్‌తురైలో రైల్వే స్టేషనుంది. అంతర్యుద్ధంలో పట్టాలు సైతం మిగలని ఆ ఉత్తర మార్గాన్ని మన ఇర్కాన్ సంస్థే తిరిగి వేసింది. అంటే, నెల్లూరు నుంచి చెన్నై, ఎగ్మూరు నుంచి రాత్రి బండిలో నాగపట్నం, సుమారు నాలుగు గంటలు ఓడ, జాఫ్నా మీదుగా కొలంబో, అక్కణ్ణుంచి కొండలు, మళ్లీ సముద్రం. విమానం అక్కర్లేదు. తీరిక లేనివాళ్లకు చెన్నై నుంచి కొలంబోకు గంటన్నర విమానం ఎటూ ఉంది. కానీ దేశం మారడం తెలియాలంటే ఓడే ఎక్కాలి.

ఈ ఉత్తర మార్గం అనురాధపురం మీదుగా పోతుంది. ఆ ప్రాంతంలో అహికుంటికలనే సంచార జాతి వారి ఊళ్లున్నాయి. పాములాడించడం, జోస్యం చెప్పడం వాళ్ల పాత వృత్తులు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. చుట్టూ సింహళం, పైన తమిళం, మధ్యలో బడి లేని, లిపి లేని తెలుగు తరాల తరబడి నిలిచింది. తెలుగువాడు ఆ దారిన పోతూ ఈ సంగతి తెలియకుండా పోకూడదు. క్యాండీ వెళ్లినప్పుడు కూడా అంతే. 1739 నుంచి 1815లో బ్రిటిష్‌వారు రాజ్యం లాక్కునే దాకా అక్కడ ఏలింది మధుర నాయకుల బంధువర్గం. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి తెచ్చి వేలూరు కోటలో బందీగా ఉంచారు.

ఇక కొండ రైలు. కొలంబో నుంచి బదుల్లా దాకా దాదాపు 290 కిలోమీటర్లు. మన బ్రాడ్‌గేజే, అదే అయిదడుగుల ఆరంగుళాల వెడల్పు. ఆ వెడల్పు పట్టాలు పట్టిపోల దగ్గర సముద్ర మట్టానికి 1,890 మీటర్ల ఎత్తుకు చేరతాయి. దీన్ని వేసింది కాఫీ కోసం. కొండల మీది గింజలను ఎడ్లబండ్ల మీద కొలంబో రేవుకు చేర్చలేక తోటల యజమానులు పట్టుబట్టారు. 1867లో రైలు క్యాండీ చేరింది. రెండేళ్లకే ఆకు తెగులు కాఫీని పట్టుకుంది, తోటలు పోయాయి. వాటి చోట తేయాకు వచ్చింది, రైలు దాని వెంట ఇంకా పైకెక్కింది. 1885లో నానుఓయ, 1894లో బండారవేల, 1924లో బదుల్లా. ఆ తోటల్లో ఆకు కోసింది దక్షిణ భారతం నుంచి పోయిన కూలీ కుటుంబాలు. కిటికీలోంచి కనిపించే పచ్చదనమంతా వాళ్ల చేతి పనేనని గుర్తుంచుకుని చూడాలి.

కొండ నుంచి కడలికి దిగాలంటే పైకి రోడ్డు మీద వెళ్లి, క్యాండీలో ఆగి, బదుల్లాలో ఉదయం బండి పట్టుకోవడం మంచిది. ఆ దారిలో మొదట దెమోదర. అక్కడ లైను గుండ్రంగా తిరిగి తన స్టేషను కిందనుంచే దూరుతుంది. ఆ తర్వాత ఎల్ల స్టేషనుకు ముందు తొమ్మిది తోరణాల వంతెన. 1921 నాటిది, రాయి, ఇటుక, సిమెంటు తప్ప ఉక్కు వాడలేదు. రిజర్వేషన్లు నెల ముందు తెరుచుకుంటాయి, చూస్తుండగానే అయిపోతాయి. ఏసీ మొదటి తరగతి జోలికి పోవద్దనే నా సలహా. అద్దాలు బిగించేసి ఉంటాయి. రెండో తరగతిలో కిటికీ ఎత్తుకోవచ్చు, పొగమంచు లోపలికొస్తుంది, తేయాకు వాసన తగులుతుంది.

కాలం సంగతి నెల్లూరోళ్లకు వేరే చెప్పాలా. మనల్ని తడిపే అక్టోబరు, నవంబరు, డిసెంబరు వానలే లంకనూ తడుపుతాయి. 2025 నవంబరులో దిత్వా తుపాను ముందు లంకను ముంచింది, ఆ తర్వాత మన తీరం వైపు వచ్చి బలహీనపడింది. లంక కొండల్లో చరియలు విరిగి రైలు కట్ట చాలాచోట్ల దెబ్బతింది. అందుకే బయల్దేరే ముందు ఏ సెక్షన్లో బండి నడుస్తోందో శ్రీలంక రైల్వేను అడిగి తెలుసుకోవాలి. ఆగిన చోట బస్సుకు ఒక రోజు అట్టిపెట్టుకోవాలి. వానల కాలంలో ఓడ కూడా ఆగుతుంది. జనవరి నుంచి మార్చి వరకు అనువైన కాలం. వీసాకు బదులు ఆన్‌లైన్లో ఈటీఏ తీసుకుంటే చాలు, ఫీజు నిబంధనలు మారుతుంటాయి కాబట్టి అప్పటికప్పుడు చూసుకోవాలి.

కొలంబో ఫోర్టులో బండి మారితే తీరపు లైను. గాలే, మాతర మీదుగా 2019లో బెలియత్త దాకా పొడిగించారు. దక్షిణానికి పోయేటప్పుడు కుడివైపు కూర్చోవాలి, చాలా దూరం సముద్రం పట్టాల పక్కనే ఉంటుంది. గాలేకు ముందు పెరలియ వస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ అక్కడ ఆగిన రైలును ముంచేసింది. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ ఉదయమే మన తీరపు పల్లెల్లోకి కూడా నీళ్లొచ్చాయి. అక్కడ స్మారకం ఉంది. దిగి, ఒక్క బండి వదులుకుని అయినా నిలబడి రావాలి.

కాఫీ కోసం వేసిన దారిలో ఇవాళ లోకమంతా వచ్చి కిటికీ పక్కన కూర్చుంటోంది. మన విశాఖలోనూ జరిగింది అదే. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి వేసిన కొత్తవలస-కిరండూల్ లైనులో 2017లో అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించారు. అరకు వెళ్లేవాళ్లు ఇప్పుడు ఆ పెట్టెలో సీటు కోసం ముందే బుక్ చేసుకుంటున్నారు.

నెల్లూరుకూ అలాంటి దారి ఉంది, మనమే దాన్ని అలా చూడటం లేదు. మంగంపేట బెరైటీస్ గనుల పక్కనున్న ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా, అక్కణ్ణుంచి కృష్ణపట్నం రేవుకు. 112 కిలోమీటర్ల ఈ లైనును 2019 సెప్టెంబరులో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. చెర్లోపల్లి, రాపూరు స్టేషన్ల మధ్య వెలిగొండల్ని తొలిచిన సొరంగం పొడవు 6.6 కిలోమీటర్లు. అప్పటికి దేశంలో కరెంటు రైళ్లు నడిచే సొరంగాల్లో అంత పొడవైంది లేదు. దీన్ని వేసింది ప్రధానంగా గూడ్సు కోసం, రేవు సరుకు కోసం.

కానీ ఆ లైను పక్కన ఏముందో చూడండి. రాపూరు దిగితే పెంచలకోన, కొండల ఒడిలో నరసింహస్వామి. దగ్గర్లో చెన్నైకి తాగునీరిచ్చే కండలేరు జలాశయం. వెంకటాచలం దిగితే ఒకవైపు గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమం, మరోవైపు కసుమూరు దర్గా. చివర సముద్రం. శనివారాలు గొలగమూడికీ, స్వామి కల్యాణానికి కోనకూ జనం ఎలా తరలివస్తారో ఈ జిల్లాలో తెలియనిదెవరికి? కడప వైపు నుంచి వచ్చేవాళ్లు ఘాట్ రోడ్డు మీద రావలసిన పని లేదు. ఎర్రచందనం కొండల్లోకి దూరి, సొరంగం చీకట్లోంచి కండలేరు వెలుగులోకి వచ్చి, మధ్యాహ్నానికి ఉప్పుగాలి పీల్చే ప్రయాణానికి కొత్త పట్టా ఒక్కటీ వేయనక్కర్లేదు.

కావలసింది పగటిపూట నడిచే ఒక బండి, పెద్ద కిటికీలున్న రెండు పెట్టెలు. కడపలో పొద్దున్నే బయల్దేరి ఓబులవారిపల్లె, రాపూరు, వెంకటాచలంలో ఆగి నెల్లూరు చేరాలి. సాయంత్రం తిరిగి వెళ్లాలి. వారానికి శని, ఆదివారాలతో మొదలుపెట్టినా చాలు. రైల్వేను ఈ మాట మన ఎంపీలు అడగాలి, వాళ్లను మనం అడగాలి.