గుర్రాల సంతకు వెళ్తున్నారా? బస ఎక్కడ?

వెటర్నరీ చదువుతున్నారా? ఫొటోగ్రఫీనో, టూరిజమో? అయితే రాజస్థాన్‌లోని పుష్కర్ సంత ఒకసారి చూడాల్సిందే. ఒంటెల సంతగానే పేరున్నా మార్వారీ గుర్రాలూ పెద్దసంఖ్యలో వస్తాయి.

అసలు చిక్కంతా బసతోనే. సంత కార్తిక పౌర్ణమితో ముగుస్తుంది. చివరి రోజుల్లో పుణ్యస్నానాలకొచ్చే భక్తులతో ఊరు కిటకిటలాడుతుంది, గదుల అద్దెలు పెరిగిపోతాయి. అప్పటికి పశువుల బేరాలు చాలావరకు అయిపోతాయి కూడా! అందుకే తొలి రోజుల్లోనే వెళ్లండి.

అజ్మీర్‌లో ఉంటే చవక కదా అనిపిస్తుంది. పుష్కర్‌కు సుమారు 15 కిలోమీటర్లే. రైలు టికెట్ కన్ఫర్మ్ అయితే స్టేషన్‌లో రిటైరింగ్ రూమ్ ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. కానీ మధ్యలో నాగ్ పహాడ్ కొండదారి ఉంది. గుర్రాలకు దాణా పెట్టడం, మాలిష్ చేయడం తెల్లారగానే మొదలవుతాయి. మీరు తొమ్మిదింటికి బస్సు దిగితే ఏం చూస్తారు? సరదాగా వెళ్లేవాళ్లకు అజ్మీర్ చాలు. నేర్చుకోవాలంటే మాత్రం పుష్కర్‌లోనే ఉండండి, ముగ్గురు కలిసి ఒక గది తీసుకోండి.

బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగండి: సంత మైదానానికి నడిచి వెళ్లొచ్చా? వేడినీళ్లు ఉంటాయా? ఎడారి అంచు కదా, రాత్రిళ్లు చలేస్తుంది. అడ్వాన్స్ కడితే రసీదు వాట్సాప్‌లో పెట్టమనండి. ఒరిజినల్ ఆధార్ మర్చిపోవద్దు. అన్నట్టు, పుష్కర్‌లో మాంసాహారం దొరకదు.